ఎదురుగోడ మీద అక్క

అట్టపెట్టె విప్పి, బుడగల కవరు ఒలిచి, ప్రింటును ఎదురుగోడకి ఆనించి నిలబెట్టారు. హాల్లో ఉన్నవాళ్లు తలా ఒక అడుగు వెనక్కి వేశారు. పెద్ద ఫొటో కనబడితే మనుషులు చేసే పని అదే. మేడమ్ మాత్రం ముందుకు వెళ్లింది. కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చూసింది. ముఖంలో రంగు పోయింది.

"అదిరిపోయింది కదూ?" అన్నాడు పక్కనున్న పళ్ల డాక్టరు. ఊళ్లో ఫొటో సంఘానికి ఆయనే అధ్యక్షుడు.

"మూతి అటు కాదు," అంది మేడమ్.

"ఎటు కాదు?"

"మా అక్కకి మూతి వంకర ఎడమ పక్కన. ఇందులో కుడి పక్కకి వచ్చింది. తిరగేసి కొట్టారు."

డాక్టరు ఒక చెయ్యి ఫొటో వైపు చాపి, రెండో చెయ్యి తన చెంప మీద పెట్టుకుని, ఏది ఎడమో ఏది కుడో సరిచూసుకున్నాడు. రోజంతా ఎదుటివాళ్ల ఎడమ పన్నుని తన కుడి చేతివైపు చూస్తూ బతికే మనిషి. అయినా ఆయనకీ కాసేపు పట్టింది.

"నిజమే," అన్నాడు చివరికి. "అయినా ఎవరికి తెలుస్తుందండీ?"

"రేపు పొద్దున్న ఆవిడ వస్తుంది. ఆవిడకి తెలుస్తుంది."

ప్రదర్శన మొదలయ్యేది కూడా రేపు పొద్దున్నే.

ప్రభుత్వ కచేరీలు వరసగా ఉన్న వీధిలో, జిరాక్సు కొట్టుకీ నోటరీ బల్లకీ మధ్య ఇరుక్కున్న స్టూడియో ఈ మేడమ్‌ది. పాస్‌పోర్టు సైజు ఫొటోలు తప్ప ఇంకేమీ తీయదు. స్టూలు ఎక్కిన ప్రతి మనిషికీ "గడ్డం దించండి" అని చెప్పీ చెప్పీ ఊళ్లో గడ్డం మేడమ్ అయిపోయింది. ఆ పేరు మాత్రమే విన్నవాళ్లు ఏదో ఊహించుకుని వచ్చి, నున్నటి ముఖం చూసి కొంచెం నిరాశపడతారు.

ఆవిడ ముఖాలు మార్చదు. మచ్చ తుడవదు, ముడత లాగదు, రంగు తేల్చదు. "కొంచెం తెల్లగా చెయ్యండి మేడమ్," అని ఎవరైనా నసిగితే, "సున్నం కొట్టేవాళ్లు పక్క వీధిలో ఉంటారు," అంటుంది. దీన్ని సంఘం వాళ్లు కరపత్రంలో 'రాజీపడని కళాతపస్సు' అని రాశారు. తపస్సు లేదు, ఏమీ లేదు. కచేరీ గుమస్తా ఫొటోనీ మనిషినీ పక్కపక్కన పెట్టి చూస్తాడు. తేడా కనిపిస్తే దరఖాస్తు వెనక్కి కొడతాడు. అప్పుడు జనం వచ్చి ఆవిడ మీద పడతారు. నిజాయితీగా ఉండడానికి మనిషికి ఇంతకన్నా గట్టి కారణం అక్కర్లేదు.

ఎంత జాగ్రత్తపడినా ఫొటోలు వెనక్కి వస్తూనే ఉండేవి. కళ్లు మూసుకున్నవి, పళ్లు కనబడేలా నవ్వినవి, ఏడ్చే పిల్లతోపాటు పిల్లని పట్టుకున్న తల్లి చెయ్యి కూడా పడినవి. అన్నిటినీ తెచ్చి ఒక బిస్కెట్ల డబ్బాలో పడేసేది. 'ఆ ముఖాలను పారేయడానికి ఆమె మనసు ఒప్పలేదు' అని కూడా కరపత్రంలో ఉంది. డబ్బా ఖాళీగా ఉంది, అందులో వేసింది. అది నిండాక ఇంకో డబ్బా వచ్చింది.

లైసెన్సు కోసం ఫొటో తీయించుకోవడానికి వచ్చిన పళ్ల డాక్టరు ఆ డబ్బాల మూత తీశాడు. ఆయన సంఘం టైర్ల షాపు పైన ఒక గదిలో కలుస్తుంది. ఆదివారం తెల్లారేసరికి మెడలో కెమెరాలు వేసుకుని పొగమంచు వెంటా పిట్టల వెంటా పడి, సాయంత్రం ఆ గదిలో ఒకరి పిట్టని ఒకరు పొగుడుకునే వాళ్లు. డబ్బాలు చూశాక వాళ్ల పిట్టల మీద వాళ్లకే విసుగు పుట్టింది. ప్రదర్శన పెడదాం అన్నారు. హాలు మాట్లాడారు, ఫ్రేములు కట్టించారు, నెగటివ్‌లు స్కాన్ చేశారు, నిచ్చెనలెక్కి లైట్లు బిగించారు. అడగని సాయానికి వచ్చేవాళ్లతో ఒక చిక్కుంది. చేతులు నిజంగానే కష్టపడతాయి, నోళ్లే ఊరుకోవు. ప్రదర్శనకి 'అనంత ముఖాలు' అని పేరు పెడదామన్నాడు డాక్టరు. 'వెనక్కొచ్చిన ఫొటోలు' అంది మేడమ్.

"అందులో కవిత్వం లేదు మేడమ్."

"కవిత్వం ఉంటే కచేరీలో అసలు కవరే విప్పరు."

పేరు ఆవిడ మాటే నెగ్గింది. ఆ ఓటమికి బదులు డాక్టరు గోడలన్నీ తన చేతిలోకి తీసుకున్నాడు. ఆయన పొడగరి. ఫ్రేములన్నీ తన కంటి ఎత్తుకి దారం లాగి మరీ కొట్టించాడు. మిగతావాళ్లు మెడలు ఎత్తి చూడాలి.

ఎదురుగోడ మీద ఒక్క ఫొటోయే. అది అక్కది.

అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు, ఒకే వంటింట్లో పోట్లాడుకుంటారు. అక్క టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైంది. "లైన్‌లో ఉండండి" అనే ఆవిడ గొంతు తెలియనివాళ్లు ఒకప్పుడు ఊళ్లో లేరు. ముఖం తెలిసినవాళ్లు తక్కువ. ఉద్యోగంలో చేరిన కొత్తలో జ్వరం ఒకటి వచ్చి, పోతూ పోతూ ముఖంలో ఎడమ సగాన్ని కిందికి లాగేసి పోయింది. అప్పట్నించీ ఎడమ చేతిలో రుమాలు, రుమాలు వెనక మూతి. ఉద్యోగం కార్డుకీ బ్యాంకు కార్డుకీ చెల్లెలే ఫొటో తీసింది. ఆ కార్డులు అక్క బల్ల మీద ఎప్పుడూ బోర్లా పడుకుని ఉండేవి.

రిటైరైనప్పుడు ఆఫీసు వాళ్లు వేరే స్టూడియోలో గ్రూపు ఫొటో తీయించారు. అక్కడ టచింగ్ చేసేవాడు జాలిపడి, అక్క మూతిని తిన్నగా దిద్ది పెట్టాడు. అక్క ఫ్రేముతో సహా తిరిగిచ్చేసింది. "ఈవిడెవరో నాకు తెలీదు. మీ దగ్గరే ఉంచుకోండి," అంది. ఫొటో తీసినవాడితో సరే, దాన్ని చేతికిచ్చిన ఆఫీసరుతో కూడా మళ్లీ మాట్లాడలేదు. తన ముఖం మీద ఇంకొకళ్లు దయతో చెయ్యి వేయడం ఆవిడ సహించదు. ఎదుటి మనిషి ఎవరైనా సరే.

ఎదురుగోడ ఫొటో ఏ కచేరీ కోసమూ తీసింది కాదు. చాలా ఏళ్ల కిందట వంటింటి కిటికీ దగ్గర అక్క ఉల్లిపాయలు తరుగుతోంది. కళ్లమ్మట నీళ్లు కారుతుంటే రుమాలు వాటికే సరిపోక, తడిసిన దాన్ని కిటికీ చువ్వ మీద ఆరేసింది. చెల్లెలు ఏదో అంటే తలెత్తి నవ్వింది. మేడమ్ చేతిలో కెమెరా ఉంది. టక్కుమంది. "కాల్చెయ్ దాన్ని," అంది అక్క. ప్రింటు వేయలేదు కాని, కాల్చనూ లేదు. అదీ వెనక్కొచ్చిన ఫొటోయే కదా, కచేరీ బదులు అక్క వెనక్కి కొట్టింది. ప్రదర్శన మాట వచ్చాక మేడమ్ ధైర్యం చేసి అడిగింది. అక్క భోజనం ముగించి లేచింది.

"పెట్టుకో," అంది చెయ్యి కడుక్కుని వచ్చాక. "తలుపులు తియ్యకముందు నేనొచ్చి చూస్తా. నచ్చకపోతే నా చేత్తో నేనే దింపేస్తా. అప్పుడు నువ్వు కిక్కురుమనకూడదు."

"అనను."

"నీ సంగతి నాకు తెలీదూ. వంద అంటావు."

ఇదీ ఒప్పందం. దాని ముందు ఇప్పుడు తిరగబడిన ముఖం నిలబడి ఉంది. బతుకంతా ఒక్క ముఖమూ మార్చని మనిషి మొదటిసారి మార్చిందీ అంటే, అది అక్క ముఖమే అయింది.

స్కానింగు చేసినావిడ కబురందుకుని వచ్చింది. ఆసుపత్రిలో ఎక్స్‌రే గదిలో ఉద్యోగం, ఆదివారాలు సంఘం. వచ్చీ రాగానే ఫొటో చూసి నాలిక కరుచుకుంది.

నెగటివ్‌కి ఒక వైపు మెరుపు ఉంటుంది, రెండో వైపు ఉండదు. ఏ వైపు పైకి పెట్టాలో అంచున ఉన్న అక్షరాలు చెబుతాయి. అవి తిన్నగా చదవగలిగితే సరైన వైపు, లేకపోతే తప్పు వైపు. ఈ పాత నెగటివ్‌కి మెరుపు మాసిపోయింది, అంచే కనబడదు. నాలుగు పక్కలా నల్ల టేపు అంటించి ఉంది.

"టేపు పీకితే ఫిల్ము చిరుగుతుందేమోనని భయపడ్డా పిన్నిగారూ," అంది ఎక్స్‌రే ఆవిడ.

"టేపు వేసింది నేనే. ఫొటో అంచుల్లో గిన్నెల స్టాండు కూడా పడిందని కప్పేశా."

"మీ ఫోనుకి పంపించాను కదా, చూసి చెప్పమని."

"బొటనవేలంత ముఖంలో ఏం చూస్తాను. బాగుంది అని పెట్టేశా."

తప్పు ఇద్దరికీ సరిసమానంగా సరిపోయింది. పంచుకున్నందుకు ఎవరికీ బరువు తగ్గలేదు.

"ఉన్న సంగతి చెప్పేద్దాం మేడమ్," అన్నాడు డాక్టరు. "పొరపాటు జరిగిందంటే ఎవరైనా అర్థం చేసుకుంటారు."

"మీకు మా అక్క తెలీదు. ముఖాన్ని ముట్టుకున్నావే అంటుంది. అంతే, ఇంక ఇంట్లో రెండు పొయ్యిలు."

"పోనీ, తీసి పక్కన పెట్టేద్దామా?"

మేడమ్ ఎదురుగోడ వైపు చూసింది. "తీసేస్తే రేపొచ్చి ఖాళీ గోడ చూస్తుంది. నా ముఖం ఆఖరికి గోడక్కూడా పనికిరాలేదా అనుకుంటుంది. అది ఇంకా ఘోరం."

ఎక్స్‌రే ఆవిడ అప్పటికే స్కూటరు తాళాలు తీసింది. "ల్యాబుకి పోయి సరిగ్గా కొట్టించుకొస్తా. అంత పెద్ద కాగితం ఉందో లేదో మరి." సాయంత్రానికి ఫోను వచ్చింది. కాగితం ఉంది, మిషను ఖాళీ లేదు, పొద్దున్న మొదట మనదే కొడతామన్నారు. మేడమ్ ఇంటికి వెళ్లి, అన్నం కెలికి, అక్క వైపు చూడకుండా పడుకుంది. "ఏమే, అప్పుడే భయమా?" అంది అక్క.

పొద్దున్న హాల్లో తిరగబడిన ఫొటో కొక్కేనికి వేలాడుతోంది, దాని మీద దుప్పటి ఒకటి వేలాడుతోంది. కొక్కెం సరిగ్గా పడిందో లేదో చూడాలని డాక్టరు దాన్నే తగిలించి ఉంచాడు. సరైన ప్రింటు రాగానే మార్చేయొచ్చన్నది ఆయన ఆలోచన. ఎక్స్‌రే ఆవిడకి ఫోను చేస్తే మోగుతోంది కాని ఎత్తడం లేదు. ముందు తలుపు బయట సంఘం వాళ్లూ, జిరాక్సాయనా, నోటరీ గారూ చేరి గట్టిగా మాట్లాడుకుంటున్నారు. మేడమ్ సుత్తి పట్టుకుని తిరుగుతోంది, కొట్టాల్సిన మేకు మాత్రం ఏదీ లేదు.

అక్క వెనక తలుపులోంచి వచ్చింది. చెప్పిన వేళకన్నా బాగా ముందే.

"దుప్పటేంటి? బట్టలారేశారా?"

"ఇంకా సర్దుతున్నాం అక్కా. నువ్వు కాసేపు అక్కడ కూర్చో, టీ తెప్పిస్తా."

"టీ తాగే వచ్చా. తియ్."

డాక్టరు గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, చిన్న సాంకేతికమైన ఇబ్బంది..."

"తమరెవరు?"

"పళ్ల డాక్టరునండి."

"నా పళ్లు బానే ఉన్నాయి. దుప్పటి తియ్యండి."

ఆ గొంతు ఆయనకి చిన్నప్పటి గొంతు. నాన్న పక్కన నిలబడి ట్రంకు కాల్ కోసం ఎదురుచూసిన రోజుల్లో ఆ గొంతు ఉండమంటే ఉండాలి, పెట్టేయమంటే పెట్టేయాలి. ఆయన చెయ్యి దానంతట అదే వెళ్లి దుప్పటి లాగింది.

అక్క తలెత్తి చూసింది. రుమాలు మూతి దగ్గరే ఉంది. ఒక అడుగు ముందుకు వేసింది, ఇంకో అడుగు వేసింది. మేడమ్ సుత్తి పిడిని రెండు చేతులా పట్టుకుంది. ఇప్పుడు దింపేస్తుంది, ఇప్పుడు ఫ్రేము మీద చెయ్యి పడుతుంది అనుకుంటూ నిలబడింది. బయట ఎవరో దేనికో నవ్వారు. అక్క రుమాలు నెమ్మదిగా కిందికి దిగింది.

"ఉల్లిపాయలప్పటిది కదూ ఇది."

"ఊఁ."

"కాల్చెయ్యమన్నాను."

"కాల్చలేదు."

"ఇది నేనే," అంది అక్క.

మేడమ్‌కి ఏం వినబడిందో మేడమ్‌కే నమ్మకం కలగలేదు. "అక్కా..."

"కిక్కురుమనొద్దన్నానా? నువ్వు తీసినవన్నీ చూశా, కార్డుల మీద. ఒక్కటీ నాలా ఉండదు. ఎవరో నా బట్టలు వేసుకుని నా కుర్చీలో కూర్చున్నట్టుండేది. నీకు నా మీద లోపల్లోపల ఏదో కోపం ఉందేమో, అందుకే అలా వస్తున్నాయేమో అనుకునేదాన్ని. పోన్లే. ఇన్నాళ్లకి ఇదొకటి సరిగ్గా తీశావు."

ఇక్కడితో నోరు మూసుకుంటే అందరికీ సుఖం. అక్కకి ఫొటో నచ్చింది, గోడ నిండింది, తలుపు తీయడమే తరువాయి. డాక్టరు అక్క వెనక నిలబడి, చూపుడువేలు పెదవుల మీద పెట్టుకుని మేడమ్‌ని బతిమాలుతున్నాడు. దయగలవాళ్లందరూ ఇలాంటప్పుడు అదే సలహా ఇస్తారు. అలాంటి దయే చూపిన టచింగ్ వాడి ఫ్రేము ఎక్కడికి తిరిగొచ్చిందో మేడమ్‌కి తెలుసు.

"నేను సరిగ్గా తీసింది ఇది కాదక్కా," అంది. "ఇది తిరగబడింది. తప్పు ప్రింటు."

అక్క వెనక్కి తిరిగింది. "అంటే?"

జవాబు చెప్పే లోపల వెనక తలుపు దబ్బున తెరుచుకుంది. ఎక్స్‌రే ఆవిడ జుట్టంతా రేగి, చంకలో అట్టపెట్టెతో లోపలికి వచ్చింది. "అయిపోయింది పిన్నిగారూ," అంటూ వచ్చి, దుప్పటి లేని గోడనీ అక్కనీ చూసి అక్కడే ఆగిపోయింది.

"ఇలా తీసుకురండి," అంది మేడమ్. కవరు ఒలిచి, కొత్త ప్రింటును పాతదాని కింద గోడకి ఆనించింది. ఒకే కిటికీ, ఒకే నవ్వు. పైన వంకర ఒక చేతివైపు, కింద రెండో చేతివైపు.

అక్క వంగి కిందిదాన్ని చూసింది. "ఇదిగో. ఈవిడే. కార్డుల మీదావిడ."

"నువ్వు నిన్ను అద్దంలో తప్ప చూసుకోలేదు కదక్కా. అద్దం తిప్పి చూపిస్తుంది. అందుకే పైది నీకు నువ్వులా ఉంది. రెండు పక్కలూ ఒకేలా ఉన్న ముఖానికి ఈ తేడా పెద్దగా తెలీదు. నీకు తెలుస్తుంది."

"అంటే రోజూ నీకు కనబడేది ఈ కిందిదన్నమాట."

"అదే."

"అన్నం వడ్డించేటప్పుడూ, పోట్లాడేటప్పుడూ?"

"అప్పుడూ అదే."

"మరి ఎప్పుడూ ఏమీ అనలేదే."

"ఏమనాలి? నీ ముఖం అది."

ముందు తలుపు ఎవరో తట్టారు. డాక్టరు గడియారం చూసుకున్నాడు. "మేడమ్, జనం..."

"ఉండనివ్వండి," అంది మేడమ్ ఆయన వైపు తిరగకుండానే. తరవాత అక్కతో, "పైది దింపేసి ఇది పెడతా. సరైంది ఇదే. అదీ ఇదీ వద్దంటే గోడ ఖాళీగా వదిలేస్తా. నీ ఇష్టం," అంది.

అక్క మోకాలి మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. చాలాసేపు పైదాన్నీ కిందిదాన్నీ మార్చి మార్చి చూసింది. తలుపు మళ్లీ తట్టారు.

"ఈ కిందిదాన్ని ఊరంతా ఎప్పుడో చూసేసింది," అంది. "వీధిలో నేను నడుస్తుంటే రుమాలు పక్కనించి చూసేది దీన్నే కదా. మళ్లీ గోడెక్కించి వాళ్లకి కొత్తగా చూపించేదేముంది? పైదాన్ని ఇన్నాళ్లూ చూసింది నేనొక్కదాన్నే. దాన్ని ఉండనీ."

"అది తప్పు ప్రింటక్కా."

"తప్పని రాసి పెట్టుకో. నిజం చెప్పకపోతే నీకు తిన్నది అరగదు కదా."

తప్పు ప్రింటు స్టూడియో గుమ్మం దాటించకపోవడం మేడమ్‌కి ఊపిరి తీసుకోవడంలాంటిది. ఇప్పుడు దాన్ని హాలు మొత్తానికి ఎదురుగోడ మీద పెట్టాలి. అట్టముక్క తెప్పించింది. డాక్టరు పెన్ను పట్టుకుని 'అంతరంగపు ప్రతిబింబం' దాకా వెళ్లేసరికి ఆయన చేతిలోంచి లాక్కుని, వేరే ముక్క మీద తనే రాసింది: 'ఈ ఫొటో తిరగబడి ప్రింటయింది. ఇందులో ఉన్నావిడ కోరిక మీద ఇలాగే ఉంచాం.' అక్క చదివి, 'కోరిక మీద' కొట్టేయించి 'మాట మీద' అని రాయించింది.

"ఇంకొకటి," అంది అక్క. "దాన్ని కిందికి దించు. ఇంత ఎత్తున అద్దం ఎవరు పెట్టుకుంటారే? చూడాలంటే గడ్డం ఎత్తాల్సొస్తోంది."

మేడమ్ ముఖంలో నిన్నటి తరవాత మొదటిసారి ఏదో కదిలింది. డాక్టరు గోడ పొడుగునా తను లాగిన దారం వైపు చూశాడు.

"వరస పోతుంది మేడమ్."

ఆవిడ అప్పటికే ఫొటో దింపి ఎక్స్‌రే ఆవిడ చేతిలో పెట్టి, సుత్తి వెనక కొమ్ముతో మేకు పీకేస్తోంది. మేకుతోపాటు గోడ పెచ్చు కూడా ఊడింది. "గోడకి ఆని నిలబడు," అంది అక్కతో. అక్క నిలబడింది. చెల్లెలు పెన్సిలుతో ఆవిడ కళ్ల ఎత్తున ఒక గీత గీసింది. తలుపు బయట నోటరీ గారి గొంతు, "లోపల ఇంకా ఇల్లు కడుతున్నట్టున్నారు," అంటోంది. మేడమ్ కొత్త మేకు పెట్టి కొట్టింది. మొదటి దెబ్బకి వంగింది. ఇంకోటి తీసి కొట్టింది, అది దిగింది.

ఫొటో ఎక్కించాక ఫ్రేము అద్దం మీద సున్నం పొడి పడి ఉంది. అక్క చేతిలో ఉన్న రుమాలుతో దాన్ని తుడిచింది. ఒకసారి తిన్నగా, గడ్డం ఎత్తకుండా, దించకుండా, లోపలున్న మనిషిని చూసింది. తరవాత రుమాలు దులిపి, మడత తిప్పి, అలవాటు ప్రకారం మూతికి అడ్డం పెట్టుకుని, పక్కనున్న కుర్చీలో కూర్చుంది.

"ఇంక తియ్యండి తలుపు," అంది డాక్టరుతో.